రెండు ఎత్తులు ఎక్కడ పోయాయి?

పాత చదరంగం ఆటను మళ్లీ ఆడి చూడాలంటే నాకు చెక్కబోర్డే కావాలి. ఫోన్‌లో వేలు జరుపుతూ పోతే పాతిక ఎత్తులూ నిమిషంలో అయిపోతాయి, ఒక్కటీ మనసుకు పట్టదు. పైగా ఇంజిన్ ఒకటి, అడగకముందే జవాబు చెప్పేస్తుంది. అందుకే పుస్తకంలో తర్వాతి ఎత్తు మీద కార్డు అడ్డం పెట్టి, నేనైతే ఏం వేస్తానో తేల్చుకున్నాకే కిందికి జరుపుతాను.

ఈ వారం పరిచింది 1907లో లోడ్జ్‌లో రోట్లెవి మీద అకీబా రూబిన్‌స్టీన్ గెలిచిన ఆట. మంత్రి ముందరి బంటుతో మొదలైంది. రూబిన్‌స్టీన్‌వి నల్లపావులు. ఈ ఆట పేరెత్తగానే అందరూ 22వ ఎత్తుకే పరిగెడతారు: మంత్రిని శత్రువు నోటికి వదిలేసి ఏనుగుతో సి3 గుర్రాన్ని కొట్టడం, ఆ వెంటనే రెండో ఏనుగును డి2లో దించడం. అద్భుతమే, కాదనను. నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం 15వ ఎత్తు దగ్గర.

తెల్లవాడు అప్పుడే కోట కట్టుకున్నాడు. బోర్డు చూస్తే అద్దంలో చూసినట్టే: గుర్రాలు, ఒంటెలు, మంత్రులు, బంట్లు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. తేడా ఒక్కటే, నల్ల ఏనుగు అప్పటికే డి8కి వచ్చేసింది. వంతు కూడా నల్లవాడిదే! ముందు ఆడినవాడు వెనకెలా పడ్డాడు? పావులను ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోతే తెలుస్తుంది. తెల్లమంత్రి డి2 మీదుగా ఈ2కి రెండు ఎత్తుల్లో వచ్చింది. నల్లమంత్రి ఒక్క ఎత్తులో ఈ7 చేరింది. తెల్ల ఒంటె డి3కి వెళ్లి, సి4లో బంటును కొట్టి, మళ్లీ డి3కే వచ్చింది. మూడు ఎత్తులు. నల్ల ఒంటెకు డి6 చేరడానికి రెండే సరిపోయాయి.

అంత వెనకబడ్డవాడు కాస్త ఒదిగి ఉండాలి. రోట్లెవి ఎఫ్, ఈ బంట్లను ముందుకు తోశాడు. ఈ3 ఖాళీ కాగానే బి6 నుంచి తన రాజు దాకా ఏటవాలు దారి తెరుచుకుంది. 19వ ఎత్తులో నల్ల ఒంటె బి6కి వచ్చి చెక్ చెప్పింది.

2013లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో అరోనియన్ మీద ఆనంద్ గెలిచిన ఆటనూ దీని పక్కన పరిచాను. అదీ డి4తోనే మొదలు, ఆనంద్‌వీ నల్లపావులే, 23 ఎత్తుల్లో ముగిసింది. జీ4లో గుర్రం, బి7లో ఒంటె, రెండో ఒంటె అదే ఏటవాలు మీద. ఇక్కడా తెల్లబంటు ఎఫ్4కి వెళ్లింది, ఇక్కడా ఈ3 ఖాళీ అయింది. కాకపోతే అరోనియన్ బంటు డి4లో నల్లబంటును కొట్టడానికి కదిలింది. రోట్లెవి బంటును ఎవరూ పిలవలేదు.