అదృష్టం ఎవరి పక్షం?

మానవ స్వభావం మారదనీ, అదృష్టం నిలకడ లేనిదనీ చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన వ్యాసకర్తలు రోమన్ తాత్వికుడు సెనెకాను సాక్షిగా పిలుస్తుంటారు. ఆ సాక్షిని ఒక్క ఘటన గురించి ప్రశ్నించి చూడాలని నాకనిపించింది.

క్రీ.శ. 61లో రోము నగర పాలనాధికారి పెడానియస్ సెకుండస్‌ను అతని బానిసే హత్య చేశాడు. విడుదలకు వెల కుదుర్చుకుని యజమాని మాట తప్పినందుకు చంపి ఉండవచ్చునన్నది చరిత్రకారుడు టాసిటస్ చెప్పిన కారణాలలో ఒకటి. పాత ఆచారం ప్రకారం ఆ ఇంటికప్పు కింద ఉన్న బానిసలందరినీ చంపాలి. వారు 400 మంది. ప్రజలు వీధుల్లోకి వచ్చారు. సెనేట్‌లో న్యాయవేత్త కేసియస్ లాంజినస్ లేచి, బానిసల స్వభావాన్ని మన పూర్వులు ఎన్నడూ నమ్మలేదనీ, భయంతో తప్ప వారిని అదుపులో ఉంచలేమనీ వాదించి నెగ్గాడు. జనం రాళ్లు, కాగడాలు పట్టుకుని అడ్డుపడ్డారు. నీరో దారి పొడవునా సైన్యాన్ని నిలబెట్టి శిక్ష అమలు చేయించాడు.

అప్పటికి సెనెకా నీరోకు సలహాదారు. ఈ చర్చను వర్ణించిన చోట టాసిటస్ అతని పేరే ఎత్తలేదు.

కొలువు విడిచిన తరువాతే సెనెకా లూసిలియస్‌కు లేఖలు రాశాడు. వాటిలో 47వది బానిసల గురించి. బానిస కూడా మనలాగే పుట్టి, మనలాగే చచ్చే మనిషేనంటాడు. ఒకనాడు తాను అమ్మేసిన కాలిస్టస్ గుమ్మం ముందు పడిగాపులు పడ్డ యజమానిని గుర్తుచేస్తాడు. అదృష్టం తిరగబడితే నువ్వూ బానిసవే, కనుక దయగా ఉండమంటాడు. ఆ కాలానికి ఇది తక్కువ మాట కాదు. సెనెకా కోటీశ్వరుడు కనుక ఇదంతా కపటమని కొట్టిపారేయడం సులభమే గాని, అది విమర్శ అనిపించుకోదు.

లోపం అతని సంచిలో లేదు, భావనలో ఉంది. బానిస సంత, యుద్ధం, చట్టం చేసిన పనిని 'అదృష్టం' అనే మాట వానా ఎండా లాంటి ప్రకృతి కార్యంగా మార్చేస్తుంది. వానను ఎవరూ రద్దు చేయలేరు కదా! బానిసలను విడుదల చేయమంటున్నానని ఎవరైనా అనుకుంటారేమోనని, తన ఉద్దేశం అది కాదని అదే లేఖలో సెనెకా స్వయంగా స్పష్టం చేస్తాడు. మానవ స్వభావం పేరుతో కేసియస్ చంపమన్నాడు, సెనెకా జాలి చూపమన్నాడు. ఇద్దరి చేతుల్లోనూ యాజమాన్యం భద్రంగానే మిగిలింది. దాన్ని ఆ ఒక్కరోజైనా కదిలించబోయింది, ఏ తత్వగ్రంథమూ రాయని రోము వీధి జనమే.

టాసిటస్ కేసియస్ ప్రసంగానికి రెండు అధ్యాయాలు కేటాయించాడు. 400 మందిలో ఒక్కరి పేరైనా రాయలేదు. అయినా ఆ సంఖ్యను దాచలేదు. దానివల్లనే ఈనాడు మనం ఈ ప్రశ్న వేయగలుగుతున్నాం.

ప్రాచీనుల వివేకాన్ని పారేయమని నేననడం లేదు. ఆ లేఖను నా విద్యార్థులకు చెబుతూనే ఉంటాను. అయితే ముందు 61వ సంవత్సరం సంగతి చెప్పి, ఆ తరువాతే లేఖ చెబుతాను. చరిత్ర నుంచి విడదీసిన సూక్తి, ఎంత మంచిదైనా, యజమాని గోడకే అందం.