ఒకే పేరు, రెండు బృందాలు: యమకదృష్టి

సంబంధంలేని సంగీత బృందాలు ఒకే పేరు ధరిస్తే దానిని శ్లేష అనడం సమంజసం కాదు. శ్లేషలో ఒకే పదం ఏకకాలంలో రెండర్థాలనిస్తుంది. ఇక్కడ పదమే రెండు తావుల్లో వేర్వేరుగా పుట్టింది. అర్థభేదంతో ఆవృత్తమయ్యే యమకమే దీనికి సన్నిహితం.

1970లలో డెట్రాయిట్‌లో హాకనీ సోదరులు ముగ్గురు, పంక్‌కు పూర్వరూపమనదగిన తమ బృందానికి ‘డెత్’ అని పేరుపెట్టారు. తండ్రి మరణాన్ని శుభంగా దర్శించాలన్నది డేవిడ్ హాకనీ సంకల్పం. పేరు మార్చాలన్న రికార్డింగు సంస్థ షరతును ఆయన తిరస్కరించాడు. (ఆఫ్రోబీట్ ప్రవర్తకుడు ఫేలా కుటీ ఇందుకు విపరీతం: నైజీరియా 70, ఆఫ్రికా 70, ఈజిప్ట్ 80 అంటూ రాజకీయ దృష్టిననుసరించి బృందనామాన్నే మార్చుకుంటూ పోయాడు.) 1980లలో ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ నెలకొల్పిన మెటల్ బృందం ‘డెత్’ పేరుతోనే జగత్ప్రసిద్ధమైంది. డెట్రాయిట్ పాటలు ఆల్బమ్‌గా వెలువడింది 2009లో. డేవిడ్ 2000లోనే మరణించాడు.