సలేశ్వరం దారి కాళ్లదే

లింగాల మండలంలోని సలేశ్వరం లింగమయ్య జాతర ఏటా చైత్ర పౌర్ణమికి వస్తుంది. ఆకు రాలి, వాగులు ఎండి, నల్లమల మోడువారి కనిపించే రోజులవి. అంత ఎండలోనూ లోతైన లోయ అడుగున, కొండ మీంచి గుండంలోకి నీళ్లు దూకుతూనే ఉంటాయి. పక్కన గుహలో లింగం, పూజారులు చెంచులు. ఏడాదిలో ఈ కొద్ది రోజులే అటవీశాఖ దారి తెరుస్తుంది కనుక పాలమూరు పల్లెల నుంచే కాదు, హైదరాబాదు నుంచి కూడా జనం పోటెత్తుతారు. తెలంగాణ అమర్‌నాథ్ అని పేరు పడ్డాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. లోయ అంచు దాకా మంచి రోడ్డు వేస్తే ఎందరికో మేలు కదా అనిపించడం సహజం. వేయకూడదని నా వాదన. సలేశ్వరంలో నడక దర్శనానికి ముందు పడే తిప్పలు కాదు, యాత్రలో సగానికి పైగా అదే.

మన్ననూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఫరహాబాద్ చెక్‌పోస్టు దాటి రాంపూర్ పెంట దాకా బండ్లలో వచ్చి, అక్కడి నుంచి నడుస్తారు. లింగాల, అప్పాయిపల్లి మీదుగా వచ్చేవాళ్లకు నడక ఇంకా ఎక్కువ. ఏ దారిన వచ్చినా కొండలు ఎక్కి దిగాల్సిందే, చివరికి రాళ్ల మీదుగా లోయలోకి జారినట్టు దిగాల్సిందే. ఈ నడకకు ఒక పద్ధతి ఉంది, అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. పగటి ఎండ తప్పించుకోవడానికి చల్లపొద్దున, లేదంటే వెన్నెల్లో కదలాలి. జాతర పున్నమికే రావడం ఆ రకంగా నడిచేవాళ్లకు పెద్ద సాయం. దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి, పాదం అడ్డంగా వేసి, కర్రను ముందు ఆనించాకే బరువు మోపాలి. పెద్ద అంగలు వేసేవాడు ముందు అలిసిపోతాడు. మనిషి వెంట మనిషి పట్టే సన్నటి దారిలో ఎదురొచ్చేవాళ్లకు కొండవైపు ఒదిగి చోటివ్వాలి. పోయేవాళ్లు ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటారు, మళ్లేవాళ్లు ‘పోయొస్తాం లింగమయ్యా’ అంటారు. భక్తితో పెట్టే ఆ కేక మలుపు అవతల మనుషులున్నారని కూడా చెబుతుంది. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో అలికిడి చేస్తూ నడవడం మంచిదని చెంచులకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీశైల మల్లన్నను అల్లుడిగా చెప్పుకొనే ఆ జనానికి ఇది గుడికి పోయే బాట మాత్రమే కాదు, తేనెకూ గడ్డలకూ రోజూ తిరిగే ఇంటి వాకిలి.

ఈ దారిలో ఆడవాళ్లకు వేరే కొలత లేదు. చంకన పిల్లలతో, నెత్తిన మూటలతో మగవాళ్లు నడిచే బాటే వాళ్లూ నడుస్తారు. ఇది చిన్న సంగతి కాదు. మంచు మీద స్కీలతో 90 కిలోమీటర్లు సాగే స్వీడన్ వాసలోపెట్ పందెం 1922లో మొదలైంది. 1924 నుంచి 1981 దాకా అందులో ఆడవాళ్లకు ప్రవేశమే లేదు. ఒలింపిక్స్ స్కీ పరుగుల్లో స్త్రీపురుషులకు సమాన దూరాలు పెట్టింది 2026 మిలాన్-కోర్టినా క్రీడల్లోనే. ఆడవాళ్ల దేహం అంత దూరం ఓర్చుకుంటుందా అన్న చర్చ అక్కడ తెగడానికి అన్నేళ్లు పట్టింది. నల్లమలలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఇక్కడ గడియారం లేదు, మొదటి స్థానం లేదు, గుంపులో వెనకబడినవాళ్ల కోసం ముందున్నవాళ్లు ఆగుతారు. ఓర్పును కొలిచే పందేలకు ఉండే గౌరవం వాటికి ఉంది. ఓర్పును పంచుకునే యాత్రకూ అంత గౌరవం దక్కాలి.

ముసలివాళ్ల, నడవలేనివాళ్ల మాటేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు డోలీలు, దారి పొడవునా నీళ్లు, వైద్యం ఏర్పాటు చేయాలి, ఆ పని చెంచు యువకులకే కూలి కట్టి అప్పగించాలి. రోడ్డు వేస్తే మాత్రం ఆ నడవలేనివాళ్లతో పాటు నడవగలిగినవాళ్లంతా బండ్లెక్కి ఒకేసారి లోయ నోట్లో దిగుతారు. 2023 జాతరలో యాత్రికుల ప్రాణాలు పోయాయి, వాహనాలు శ్రీశైలం దారిలో గంటల తరబడి నిలిచిపోయాయి. ఇరుకు లోయకు రద్దీయే అసలు ప్రమాదం. నడక ఆ రద్దీని దారి పొడవునా పలచబరుస్తుంది. అసలు 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యంలో జాతర ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ప్లాస్టిక్ చెత్త, బీడీ నిప్పు, హారన్లు అడవికి చేసే చెరుపు చూస్తే వాళ్ల కోపంలో తప్పు లేదు. కానీ ఆ చెరుపులో ఎక్కువ పాలు బండ్లదీ, బండ్లు మోసుకొచ్చే సరుకులదీ. ఎండాకాలంలోనూ ఆ ధార ఆగకుండా ఉందంటే, వానకాలపు నీటిని ఈ అడవి నేల, బండల సందులు పట్టి ఉంచి నెమ్మదిగా విడుస్తున్నందువల్లే. అడవి పలచబడితే లింగమయ్య గుండమూ ఎండుతుంది. కాబట్టి రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టండి, ఆ లెక్క తేల్చేటప్పుడు చెంచు పెద్దల మాట అడగండి, బండ్లను ఇంకా వెనకే ఆపండి. పోయేవాళ్లు నీళ్లసీసా ఇంటి నుంచే తెచ్చుకుని, ఖాళీదైనా తిరిగి ఇంటికే తీసుకుపోండి.