విద్యార్థి వ్యాసరచన - అనుబంధవిచారము

పట్టపరీక్షకుఁ జదువుచున్న యొక విద్యార్థి, యేఁడాదికాలము రచనాభ్యాసము చేయుటలోఁ దనకుఁ గలిగిన తలంపులను ముప్పది పుటల వ్యాసముగా వ్రాసి, దిద్దుటకై నాకుఁ బంపినాఁడు. పక్షమున కొక చిన్నవ్యాసము వ్రాసి పదుగురిచేఁ జదివించుట యాతని నియమమట. ఇందు విచారింపఁదగిన యంశములు రెండు. కలము పట్టుటకు ముందే యెవరికొఱకు, దేనిని గుఱించి, యేల వ్రాయుచుంటినని నిర్ణయించుకొనవలె నని గురువులు చెప్పిన ప్రణాళిక మొదటిది. వ్రాయువాఁడు సొంతగొంతుతోనే మాటలాడవలె నను నియమము రెండవది. ఈ రెండును బొసఁగవని విద్యార్థి దిగులు. పాఠకునిఁ దలఁచుకొని వ్రాసినచో నది తన మాట కాదట. తన మాటయే వ్రాసినచోఁ జదువువాఁడే యుండఁడట.

మొదటి యంశము క్రొత్తది కాదు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును జెప్పక శాస్త్రగ్రంథము నారంభింపరాదని మనవారి సంప్రదాయము. మహాభాష్యము మొదటి యాహ్నికమునఁ బతంజలి విషయమును నిర్దేశించినతోడనే సూత్రములలోనికిఁ బోలేదు. వ్యాకరణ మేల చదువవలె నని తానే ప్రశ్నించుకొని, రక్ష, ఊహ, ఆగమము, లాఘవము, అసందేహము నని యైదు ప్రయోజనములను జూపెను. ఇంత శ్రమ యేల? పూర్వకాలమున నుపనయనానంతరము వ్యాకరణమునే చదివెడివారనియు, నేఁటివారు వేదము వల్లించి త్వరితముగా వక్తలై వ్యాకరణము నిష్ప్రయోజన మనుచున్నారనియు, నట్టివారికే యాచార్యుఁడీ ప్రయోజనములను బోధించుచున్నాఁ డనియు నాయనయే చెప్పెను. వినువాఁడు మాఱఁగా నారంభమును మాఱ్చుకొనె నన్నమాట. ఇంతమాత్రమునఁ బతంజలి గొంతు పోయినదా? సంస్కృతవచనమున నంత సులభముగా గుర్తింపఁదగిన గొంతు నే నెఱిఁగినంతలో వేఱొకటి లేదు.

రెండవ యంశముననే విద్యార్థి పొరపడినాఁడు. సొంతగొంతనఁగా మనసునకు మొదటఁ దోఁచిన మాట యని యాతని యభిప్రాయము. మొదటఁ దోఁచు మాట తఱచుగా నెరవు మాటయే. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి కుండ చేయు మనును. మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి మాటలు చేయు మనఁడని భాష్యకారుఁడు చెప్పెను. ఈ విద్యార్థి కుమ్మరి యింటికే పోయినాఁడు. నిజాయతీని గుఱించి యాతఁడు వ్రాసిన పదునాఱు పుటలలో నిజముగా నాతనిదైన వాక్యము నాకుఁ గనఁబడలేదు. అవి యన్నియు నే పాఠ్యపుస్తకముననైన నుండఁదగిన మాటలు.

అయితే పందొమ్మిదవ పుటయం దొక ప్రకరణము కలదు. తండ్రి దర్జీ. పండుగ ముందటి రాత్రి దుకాణమున నాయన యంగీలు కత్తిరించుచుండఁగా దీపము క్రింద నీ పిల్లవాఁడు కాజాలు కుట్టెడివాఁడట. సుద్దముక్క చెవిపైఁ బెట్టుకొని యదే సుద్దముక్కకై తండ్రి బల్లయంతయు వెదకుటయు, నెవరును నవ్వకుండుటయు నం దున్నవి. ఆ రెండు పుటలు చదివి ముగించి, మరల మొదటినుండి చదివితిని. ప్రకరణము తుదను, వసతిగృహమునఁ జదువుకొనుచున్న చెల్లెలికై దీనిని వ్రాసితి నని యొకమాట యున్నది. అధికారి యెవరో నిశ్చయమైన చోటనే గొంతు పలికినది. దిగులుపడిన విద్యార్థి తన దిగులునకు సమాధానమును దానే వ్రాసి, చూచుకొనలేదు.

సొంతగొంతునకు స్వీయనామముగూడ నావశ్యకము కాదు. ఇంగ్లండున 1711వ సంవత్సరమున అడిసన్, స్టీల్ అనువారు స్పెక్టేటర్ పత్రికను నడపుచు నొక కల్పితసంఘమును గల్పించిరి. ఆ మార్గమునఁ బానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షి వ్యాసములందు జంఘాలశాస్త్రిచే నుపన్యసింపఁజేసిరి. శాస్త్రి కల్పితుఁడు, గొంతు పానుగంటివారిది. ఈ సంగతి విద్యార్థి యాలోచింపలేదు.

ఇఁక నా తప్పు. ఆ ప్రకరణమున "కాజాలు" అను పదమును నే నెఱ్ఱసిరాతోఁ గొట్టి "గుండీరంధ్రములు" అని దిద్దితిని. మఱునాఁడు చదువఁగా దుకాణమున దీప మాఱినట్లుండెను. కాజా యన్యదేశ్య మని కదా నా యాక్షేపణ. గుండీ మాత్ర మెక్కడిది? ఒక యన్యదేశ్యమును దీసి మఱియొక దానిని బెట్టి, పైని రంధ్రమును దగిలించితిని. రథమునకుఁ బ్రవేత యెవఁడని యడిగిన వైయాకరణునితో, నేను బ్రాజితనని సూతుఁడు చెప్పిన కథ భాష్యమునఁ గలదు. అది యపశబ్ద మని వైయాకరణుఁ డనఁగా, నీవు సూత్రప్రాప్తి నెఱుఁగుదువు గాని యిష్టి నెఱుఁగవని సూతుఁడు బదులు చెప్పెను. ముప్పది యేండ్లు ఆ కథను బాఠము చెప్పినవాఁడను.

కావునఁ గాజాలను యథాస్థానమున నుంచితిని. కాని కర్తకుఁ గ్రియ లేక యాకాంక్ష తీఱని వాక్యములు పదునొకండు కలవు. వానిపై నెఱ్ఱసిరా యట్లే యున్నది. నిజాయతీని గుఱించిన పదునాఱు పుటలను దీసివేసి, తక్కినదానిని జెల్లెలికి వ్రాసినట్లే మరల వ్రాసి పంపుమని విద్యార్థికి వ్రాసితిని.