తల్లిమాటకు విలువ యెంత?

ఇంగ్లండు దేశపు ఆసుపత్రులలో 2024వ సంవత్సరమున “మార్తా నియమ”మను నొక క్రొత్త యేర్పాటు అమలులోనికి వచ్చినది. రోగి స్థితి క్షీణించుచున్నదని తల్లిదండ్రులకు గాని బంధువులకు గాని తోచి, చికిత్స చేయుచున్న వైద్యులు ఆ మాటను లక్ష్యపెట్టనప్పుడు, వారే నేరుగా మఱియొక వైద్యబృందమును పిలిపించి పరీక్ష చేయించుకొనవచ్చునని దీని సారము. మొదట 143 ఆసుపత్రులలో ఆరంభమైన యీ యేర్పాటును 2025లో ఆ దేశమందలి తీవ్రరోగ చికిత్సాలయములన్నింటికిని విస్తరింపజేసిరి. ఇది పరదేశపు సంగతియే. అయినను జ్వరపడిన బిడ్డను భుజమున వైచుకొని వైద్యుని గుమ్మమున నిలువని గృహస్థు మనలో అరుదు గనుక, దీని గుణదోషములను విచారించుట మన పాఠకులకు ప్రయోజనకరమని తలచుచున్నాము.

ఈ నియమమునకు పేరిచ్చిన మార్తా మిల్స్ 2021 వేసవిలో వేల్సు ప్రాంతమున సైకిలుమీదినుండి పడినది. సైకిలు చేపట్టు కడుపునకు బలముగా తగిలి క్లోమము గాయపడినది. అట్టి గాయముల చికిత్సకు పేరొందిన లండను కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఆమెను చేర్చిరి. కొన్ని వారములకు సెప్సిస్ అను ప్రాణాంతక స్థితి యేర్పడినది. జ్వరము విడువలేదు, రక్తస్రావమయ్యెను, మేనెల్ల దద్దురు పొడమెను. సెలవుదినములు వచ్చుచున్నవి, పెద్ద వైద్యులు అందుబాటున నుండరు, బిడ్డకు ప్రమాదము వచ్చునేమో యని తల్లి ముందుగనే మొఱపెట్టినది. దద్దురు మందు పడకపోవుటచే గలిగినదని చెప్పిరి. ఇంటెన్సివ్ కేర్ వార్డునకు మార్చుట ఆలస్యమైనది. పదునాలుగవ పుట్టినదినము ఇంక నాలుగు దినములున్నదనగా, ఆగస్టు 31న ఆ బాలిక కన్నుమూసినది. ముందుగనే ఆ వార్డునకు మార్చియుండినయెడల ఆమె బ్రదికియుండుట మిక్కిలి సంభావ్యమని 2022లో మరణవిచారణాధికారి నిర్ణయించెను. తల్లి మెరోపి మిల్స్ గార్డియన్ పత్రికలో పనిచేయు విదుషి. ఆమె అదే సంవత్సరము ఆ పత్రికలో వ్రాసిన వ్యాసమే ఈ నియమమునకు మూలము.

ఆ తల్లి చదువరి, కలముగలది, వైద్యులు మాటలాడు భాషయే ఆమె మాతృభాష, ఆసుపత్రి యన్న నామమాత్రము కాదు. ఇన్నియుండియు ఆమె మాట చెల్లలేదు. ఇవేవియు లేని తల్లి మాట చెల్లునా?

ఇది యొక దేశపు దోషము గాదు. అమెరికాలో బాల్టిమోరు నగరమున 2001లో కాలిన గాయములతో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరిన పదునెనిమిది నెలల జోసీ కింగ్ అను శిశువు, గాయములు మానుచుండగా, ఒడలిలో నీరింకిపోవుటచేతను, ఈయరాని మందిచ్చుటచేతను మరణించినది. పాప దప్పికచే తడిగుడ్డను సైతము పీల్చుచున్నదని తల్లి చెప్పుచునే యుండెను. ఆస్ట్రేలియాలో 2007లో మూడేండ్లైన నిండని రయన్ సాండర్స్ మరణించినాడు. గవదబిళ్ళలని మొదట తలపబడిన రోగము వాస్తవముగ స్ట్రెప్టొకోకస్ క్రిముల వలన కలిగినది. వాని తల్లిదండ్రులును బిడ్డకు హెచ్చగుచున్నదని మొఱపెట్టినవారే. ఆ పిమ్మట క్వీన్స్‌లాండు రాష్ట్రమున 2013లో “రయన్ నియమము” వచ్చినది. ముందు వైద్యునితో గాని నర్సుతో గాని చెప్పవలెను. తీఱనిచో వార్డు ముఖ్యాధికారిణితో చెప్పవలెను. అప్పటికిని తీఱనిచో టెలిఫోనుమీద వేఱు వైద్యుని పరీక్షను కోరవలెను. ఒక్కొక్క నియమము వెనుక నొక్కొక్క చిన్న సమాధి యున్నదనుట అతిశయోక్తి గాదు.

వైద్యులు తల్లిమాటను త్రోసివేయునప్పుడు సాధారణముగ వాడు మాట “ఆదుర్దా”. “తొలిచూలు తల్లులందఱు నింతేనమ్మా”, “వట్టి జ్వరమే, భయపడకు”, మఱి కొంచెము గట్టిగా అడిగినచో “డాక్టరు నేనా, నీవా?” అనుట మన పాఠకురాండ్రు వినని మాటలు గావు. ఈ “ఆదుర్దా” యను మాటలోని కీడు సూక్ష్మమైనది. తల్లి తెచ్చినది బిడ్డనుగూర్చిన వార్త. వైద్యుడు దానిని తల్లినిగూర్చిన వార్తగా మార్చుచున్నాడు. అంతట పరీక్షింపవలసినది బిడ్డ గాక తల్లి యగుచున్నది. మందు లేకయే, ఓదార్పు మాటతోనే ఆ రోగము కుదిరినట్లు లెక్క. భయపడు తల్లి పొరపడుచున్నదను ఊహకు ఆధారమేమి? భయమునకు కారణముండుట చేతనే భయము పుట్టవచ్చును గదా!

శాస్త్రమును ఈ విషయమున తల్లి పక్షమే వహించుచున్నది. పసిపిల్లలలో తీవ్రమైన అంటురోగములను గుర్తించు లక్షణములను గూర్చి పూర్వపరిశోధనలన్నిటిని సమీక్షించి 2010లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన వ్యాసము, తల్లిదండ్రుల ఆందోళనను ముఖ్యమైన ప్రమాదసూచనలలో నొకటిగా నెంచినది. మెల్బోర్ను నగరపు పిల్లల ఆసుపత్రియం దొకదానిలో, బిడ్డ స్థితి దిగజారుచున్నదని మీకు తోచుచున్నదా యని తల్లిదండ్రులను అడిగి వారి జవాబును వ్రాసియుంచిరి. అవునని చెప్పినవారి బిడ్డలకు ఇంటెన్సివ్ కేర్ అవసరమగుట హెచ్చుగ గానవచ్చినదనియు, నాడి, శ్వాస మొదలగువాని లెక్కలు తప్పుటకంటెను ఆ జవాబే బలమైన సూచన యనియు 2025లో ప్రకటించిరి.

ఇందులో వింత లేదు. వైద్యుడు బిడ్డ స్థితిని చూచును. తల్లి బిడ్డలోని మార్పును చూచును. నిన్న ఎట్లేడ్చెనో, నేడెట్లేడ్చుచున్నాడో, ఏ వేళకు పాలకు తడవుకొనునో, ఏ వేళకు నిద్రించునో ఎఱిగినది ఆమె యొక్కతెయే. అయిదు నిమిషములు చూచిన వైద్యునకు, ఆతడెంతటి ప్రాజ్ఞుడైనను, నిన్నటి బిడ్డ కనబడడు.

ఈ సత్యమును మన పొరుగుననే ఆచరణలో పెట్టినవారు కలరు. ప్రాణహిత కావలి గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు పల్లెస్త్రీలకే శిక్షణమిచ్చి, నవజాతశిశువులను ఇంటనే కనిపెట్టి చూచు పద్ధతి నెలకొల్పిరి. బాగుగా ఏడ్చుచుండిన శిశువు ఏడుపు నీరసించుట, బాగుగా కుడుచుచుండినది కుడుచుట తగ్గుట, చుఱుకుగా నుండినది మగతపడుట మున్నగు మార్పులను తల్లి నోటనుండియే గ్రహించి వారు ప్రమాదమును గుర్తించిరి. పోల్చిచూచిన గ్రామములకంటె నవజాతశిశుమరణములు 62 శాతము తగ్గినవని 1999లో ప్రకటించిరి. తల్లిమాట అచట ఆదుర్దా గాలేదు, రోగనిదానమున కాధారమైనది.

వైద్యుల పక్షమున చెప్పవలసినదియు కలదు. నూఱు జ్వరములలో హెచ్చుపాలు తమంతట తగ్గునవే. సూదిమందు వేయనివాడు వైద్యుడే గాడని వాదించు తల్లిదండ్రులను మేమును చూచియున్నాము. అట్టివారి కోరికను కాదనుట వైద్యుని ధర్మము. ఒక ప్రొద్దుననే వందలకొలది చీట్లు చూడవలసిన ప్రభుత్వ వైద్యునకు వినుటకు తీరిక యెక్కడిది? ఇది సత్యమే గాని, మందును కోరుట వేఱు, మార్పును తెలుపుట వేఱు. మొదటిదానిని నిరాకరించు వైద్యుడు రెండవదానిని నిరాకరింపనక్కఱలేదు. తీరిక లేనివానికే, ఊరక లభించు సాక్ష్యము విలువ హెచ్చు.

ఇక ఈ నియమము మన దేశమున నిలుచునా? పిలిచినంతనే వచ్చుటకు రెండవ వైద్యబృందము పెద్ద నగరములలో దక్క లేదు. ఏరియా ఆసుపత్రిలో రాత్రివేళ నొక్క వైద్యుడే యున్నచోట ఎవరిని పిలువవలెను? మఱియు మన సంప్రదాయమున తల్లి చెప్పుచుండగా వైద్యుడు తండ్రివైపు తిరిగి జవాబిచ్చుట కలదు. రాత్రియంతయు మేల్కొనినది ఆమె. లెక్కకు వచ్చునది ఆతని మాట. అత్తమామల యెదుట నోరు మెదపని కోడలు, తెల్లచొక్కా దొడిగిన దొరయెదుట మాత్రము నోరు మెదపునా? నియమమును గోడమీద నతికించుటతో ఇది తీఱదు. ఇంట మొదలు కావలసిన సంస్కారమిది.

చట్టము లేకపోలేదు. వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని అది బిడ్డ పోయిన పిమ్మట తెఱచుకొను తలుపు. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో సిద్ధపఱచిన రోగుల హక్కుల పట్టికలో రెండవ వైద్యుని అభిప్రాయము పొందు హక్కు పేర్కొనబడినది. దానిని ఆసుపత్రి గోడమీద తెలుగున చదివిన తల్లులెందఱు? ప్రాణములుండగా వినని ఆసుపత్రి ముంగిట ప్రాణములు పోయిన పిమ్మట జరుగు కేకలు, రాళ్ళు, పోలీసులు ఎవరికిని మేలు చేయవు. ముందు వినుటయే వైద్యునకును రక్షణము.

కావున రెండవ బృందము కొఱకు వేచియుండక, కాసు ఖర్చు లేని పని యొకటి నేడే చేయవచ్చును. పిల్లలవార్డులో ప్రతి కేసుషీటు మీదను ఉష్ణోగ్రత ప్రక్కనే మఱియొక గడి గీసి, “నిన్నటికంటె బిడ్డ యెట్లున్నాడని తల్లి చెప్పుచున్నది?” అని పూటపూటకును వ్రాయవలెను. హెచ్చైనదని వ్రాసినచోట పెద్ద వైద్యుడు స్వయముగ చూచి సంతకము చేయవలెను. గృహిణులును ఒక చిన్న పుస్తకమున వేళతోగూడ వ్రాసికొనుట మంచిది: ఎన్నిసార్లు పాలు త్రాగినాడు, ఎన్నిసార్లు మూత్రము విడిచినాడు, ఎప్పుడు మగతపడినాడు. పాలుగాని నీరుగాని త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, మూర్ఛవచ్చుట, లేపినను లేవని మగత, ఈ నాల్గింటిలో ఏది కనబడినను ఒక వైద్యుడు పొమ్మన్నచో మఱియొక వైద్యుని యొద్దకు తక్షణమే పోవలెను. అట్లు పోవుట మొదటివానికి అవమానము గాదు.

వైద్యుని నారాయణునితో పోల్చిన దేశము మనది. ఆ గౌరవమును తగ్గింపుమని మేము కోరుటలేదు. నారాయణుడు గజేంద్రుని మొఱ విని పరుగిడి వచ్చినవాడని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము.