తెర మీద జడ

గద్వాల చీర కొనేవాళ్లు ముందు అంచులోని జరీ చూస్తారు. నేసేవాళ్లు మాత్రం ఆ అంచు ఒంటితో కలిసే గీత చూస్తారు. ఒళ్లు నూలు, అంచు పట్టు. నూలు పేక అంచు దాకా వచ్చి, పట్టు పేకను మెలిక వేసుకుని వెనక్కి తిరుగుతుంది. మూడు నాడెలతో నడిచే ఈ పనిని కుప్పడం అంటారు. మెలిక వదులైతే జరీ ఎంత మెరిసినా అంచుది ఒక దారి, ఒంటిది ఒక దారి.

పాత సంగీత నాటకాన్ని కొత్త రంగస్థలానికి మార్చడమూ ఇలాంటి పనే. కొత్తది పాతదాన్ని ఎక్కడ పట్టుకుందో వెతకాలి. తెలుగులో ఈ పని శ్రద్ధగా జరిగిన ఉదాహరణ ఒకటి చెప్పమంటే నేను కూచిపూడి భామాకలాపాన్నీ, దాని పునాది మీద వెంపటి చినసత్యం కట్టిన ‘శ్రీకృష్ణపారిజాతం’ నృత్యనాటకాన్నీ చూపిస్తాను.

ముందు పాతదాని పనితనం. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పుకునే భామాకలాపంలో పాత్రలు పొదుపు. సత్యభామ, మాధవి, ఎప్పుడో చివర్లో కృష్ణుడు. రాత్రి పొడుగునా ఆట వీళ్లమీదే నడవాలి. అందుకని పాత్ర రంగం మీదికి రావడాన్నే ఒక ఘట్టంగా కట్టారు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న తెర వస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బాగోతం చూసి పెరిగినవాళ్లకు ఈ తెర గురించి చెప్పక్కర్లేదు. దాని వెనక భామ మనకు వీపు పెట్టి నిలబడుతుంది. ముఖం కంటే ముందు మనకు కనిపించేది జడ. దాన్ని తెర మీదుగా ఇవతలికి వేస్తారు. పైన నాగరం, సూర్యచంద్రుల బిళ్లలు, కొసన జడగంటలు. ఆటలో నన్ను గెలిచినవాళ్లుంటే ఈ జడ కోసి ఇస్తానని సవాలు. పాత్ర ఇంకా నోరు విప్పలేదు, గర్వం మాత్రం అప్పుడే రంగం మీద వేలాడుతోంది.

తర్వాత భైరవి రాగంలో ప్రవేశ దరువు. నేనెవరినో తెలుసా అని పాత్ర తన గురించి తానే చెప్పుకునే పాట ఇది. పాట, నడక, తాళం ఇందులో విడదీయరాకుండా ఉంటాయి. చరణాల మధ్య జతులు పడతాయి. నట్టువాంగం చేసే గురువు నోటి సొల్లు, మృదంగం దెబ్బ, కాలి గజ్జె మూడూ తీర్మానం దగ్గర ఒక్క క్షణంలో కలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చూసేవాడికి తెలిసిపోతుంది.

కలాపంలో అన్నిటికన్నా తెలివైన కల్పన, నా దృష్టిలో, మాధవి. దీనికి వేరే నటి లేదు. తాళాలు పట్టుకుని పక్కన నిలబడ్డ సూత్రధారుడే భామతో మాట్లాడేటప్పుడు మాధవి, కృష్ణుడి దగ్గరికి వెళ్తే మాధవుడు. ఒక్క మనిషిలో నిర్వాహకుడు, చెలికత్తె, రాయబారి, విదూషకుడు నలుగురూ ఒదిగారు. మీ ఆయన పేరేమిటమ్మా అని మాధవి అడుగుతుంది. ఇల్లాలు మొగుడి పేరు పలకకూడదు. భామ సిగ్గుపడుతూ గుర్తులు చెబుతుంది. మాధవి అర్థం కానట్టు మళ్లీ అడుగుతుంది. ఇంట్లో రోజూ ఉండే ఈ చిన్న కట్టుబాటు మీద అంత అభినయాన్ని నిలబెట్టారంటే, కట్టినవాడికి నాటకమూ తెలుసు, సంసారమూ తెలుసు. భామ కృష్ణుడికి రాసిన ఉత్తరం మోసినందుకు మాధవి ముక్కెర అడగడం కూడా ఉత్త హాస్యం కాదు. ముత్తయిదువ ముక్కెర తీసి ఇస్తోందంటే, తెర మీద జడ వేసిన గర్వం ఎంత దూరం దిగివచ్చిందో కొలిచి చూపించడమే.

ఇప్పుడు మార్పు సంగతి. వెంపటి చినసత్యం 1929లో కూచిపూడిలోనే పుట్టారు. మద్రాసు వెళ్లి, అన్న పెదసత్యంతో కలిసి సినిమా నృత్యాలకూ పనిచేశారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన ముందున్నది విద్యుద్దీపాల వేదిక, కుర్చీల్లో కూర్చుని ఆట ముగిశాక ఇంటికి వెళ్లాల్సిన ప్రేక్షకులు. ఎక్కడ కత్తిరించాలో సినిమా ఆయనకు నేర్పిందేమోనని నా అనుమానం.

కలాపం పాఠాలు కొన్నిటిలో భామాకృష్ణుల మధ్య అలకకు కారణం అద్దం ముందు ఎవరు అందగాళ్లన్న తగవు. అదీ భామ నోటి మాటల్లోనే వింటాం. నృత్యనాటకం పారిజాత కథనే తీసుకుంది. నారదుడు పువ్వు తెస్తాడు, అది రుక్మిణికి చేరుతుంది, సత్యభామ భగ్గుమంటుంది. నంది తిమ్మన ప్రబంధంతో తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథే. వినాల్సింది చూడాల్సిందిగా మారింది. ఒక్క సూత్రధారుడి భుజం మీదున్న బరువు పలు పాత్రలకు పంచారు. మగవాళ్లే కట్టిన ఆడవేషాలు ఇక్కడ ఆడపిల్లలవి అయ్యాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఊపిరికి సంబంధించింది. కలాపంలో నర్తకుడే పాడతాడు, మాట్లాడతాడు, ఆడతాడు. ఊపిరి మూడు చోట్లకు సర్దాలి కాబట్టి అడుగు దానికి లోబడి ఉంటుంది. వెంపటి ఆటల్లో గాయకులు పక్కన మైకు ముందు కూర్చుంటారు. నర్తకి పెదవి కదుపుతుందంతే. మిగిలిన ఊపిరి కాళ్లలోకి దిగింది. జతులు వేగమయ్యాయి, అడుగులు వేదిక నలుమూలలకూ పాకాయి. ఇంత మార్చినా ప్రవేశ దరువు మాత్రం వదల్లేదు. కుప్పడం మెలిక అక్కడుంది.

పైదేశాల్లో ఈ పని వేరే దారుల్లో జరిగింది. బిజే 1875 నాటి ఒపెరా ‘కార్మెన్’ను రచయిత హామర్‌స్టీన్ 1943లో ‘కార్మెన్ జోన్స్’గా మార్చినప్పుడు వరసలు ఉంచి మాటలు, మనుషులు మార్చాడు. ఎద్దులతో పోరాడేవాడు అక్కడ బాక్సర్ అయ్యాడు. పుచ్చీని 1896 నాటి ఒపెరా ‘లా బొహెమ్’ కథ ఉంచి వరసలు మార్చి, జొనాథన్ లార్సన్ చేసిన ‘రెంట్’ సరిగ్గా నూరేళ్లకు, 1996లో వచ్చింది. వెంపటి వరసనో కథనో ఒక్కదాన్ని పట్టుకోలేదు, పాత్ర రంగం మీదికి వచ్చే పద్ధతిని పట్టుకున్నారు.

పోయింది లేకపోలేదు. మాటల సరసం పలచబడింది. అప్పటికప్పుడు ఊళ్లో సంగతి ఒకటి లాగి నవ్వించే సూత్రధారుడి స్వేచ్ఛ, ముందే కొలిచి పెట్టిన ఆటలో ఇమడదు. కలాపంలో సత్యభామగా పేరు మోసిన వేదాంతం సత్యనారాయణశర్మ, కొత్త రూపం ఇచ్చిన వెంపటి, ఇద్దరూ 2012లోనే వెళ్లిపోయారు. ఇద్దరి శిష్యులూ ఉన్నారు. మన పాలమూరు జాతరలకూ ఉత్సవాలకూ కూచిపూడి మేళాన్ని పిలిచే పెద్దలకు ఒక మనవి: నృత్యనాటకం పెట్టించండి, దాంతో పాటు ఒక రాత్రి కలాపం కూడా అడగండి, సూత్రధారుడికి గంట కొట్టి తొందర పెట్టకండి.