అరుంధతీసుతుడు: వర్ణాంతర వివాహం, తల్లి వంశం, జాషువ ‘గబ్బిలం’

వర్ణాంతర వివాహాన్ని గురించిన తెలుగు విమర్శ చాలావరకు పెండ్లిపందిరి దగ్గరే ఆగిపోయింది. గురజాడ ‘లవణరాజు కల’ విషయంలోనూ చర్చ రాజుకూ మాలపిల్లకూ గల సంబంధం చుట్టూనే సాగింది. అటువంటి దంపతులకు పుట్టిన బిడ్డది ఎవరి కులం? ఈ ప్రశ్నను జీవితంలో ఎదుర్కొన్న కవి గుర్రం జాషువ.

జాషువ 1895లో వినుకొండలో జన్మించాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, కుటుంబం క్రైస్తవం. కులం తండ్రి నుంచి సంక్రమిస్తుందన్నది లోకంలో చెల్లే సూత్రం. ఇక్కడ అది తలకిందులైంది. లోకం బిడ్డను తల్లి పక్షానే లెక్కగట్టింది. జాషువ పడిన అవమానాలకు మూలం ఈ లెక్కే. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 1924లో చేసిన చట్టం కూడా పూర్వికులలో నల్లజాతివారి జాడ ఉన్నవారిని శ్వేతజాతీయులుగా గుర్తించలేదు, వారికి శ్వేతజాతీయులతో వివాహాన్ని నిషేధించింది. జాతి, కులం ఒకటి కావు. అయినా మిశ్రమసంతానాన్ని కిందిమెట్టుకే చేర్చే గణితం రెండుచోట్లా ఉంది.

ఈ నేపథ్యంలో ‘గబ్బిలం’ (1941) నాయకుణ్ణి ‘అరుంధతీసుతుడు’ అనడం గమనార్హం. మేఘసందేశంలో యక్షుడు భార్యకు కబురంపాడు. ఇక్కడ గుడిలోకి ప్రవేశం లేని మనిషి, ఆ అడ్డంకి లేని గబ్బిలంతో శివునికి మొర పంపుతాడు. అతనికి కవి ఇచ్చిన గుర్తింపు తల్లి పేరు మీదిది. అరుంధతి వసిష్ఠుని ఇల్లాలు. మాదిగల సంప్రదాయంలో ఆ కులపు ఆడపడుచు. పెండ్లిలో నూతన దంపతులకు చూపే నక్షత్రమూ ఆమే. ఏ తల్లిని ఆకాశంలో చూసి దంపతులు నమస్కరిస్తారో, ఆ తల్లి బిడ్డలే నేలమీద అంటరానివారు. ఈ వైరుద్ధ్యాన్ని విడమరచకుండా ఒక్క సమాసంలో ఇమిడ్చాడు కవి. లోకం కళంకంగా అంటగట్టిన తల్లి పక్షమే ఇక్కడ వంశగౌరవమైంది. దీనిని పురాణాలంకారంగా మాత్రమే చదివిన వ్యాఖ్యానాలు అసంపూర్ణాలు.

1949 నాటి చట్టం హిందువుల కులాంతర వివాహాలకు చెల్లుబాటు కల్పించింది. అమెరికా సుప్రీంకోర్టు వర్జీనియా నిషేధాన్ని కొట్టివేసింది 1967లో. చట్టం విషయంలో మన దేశం పద్దెనిమిదేళ్లు ముందున్నదన్నమాట. ఊరి విషయంలో ఆ మాట అనగలమా?

1960లో జాషువ కుమార్తె హేమలత, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన నాస్తికవాది గోరా కుమారుడు లవణాన్ని వివాహమాడింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో పుట్టినందున అతనికి ఆ పేరు. గురజాడ లవణరాజుకు కలలో మాత్రమే జరిగినది ఈ లవణానికి మెలకువలోనే జరిగింది. పేర్ల కలయిక యాదృచ్ఛికమే. జాషువ కుటుంబంలో రెండు తరాల్లోనూ మాదిగ మూలం స్త్రీ పక్షానిదే. పై కులపు స్త్రీ, దళిత పురుషుడు దంపతులైనప్పుడు బిడ్డ కులాన్ని లోకం తండ్రి వైపునుంచే తీస్తుంది. అప్పుడు సూత్రాన్ని తలకిందులు చేయవలసిన అవసరం దానికి ఉండదు.